ఓ నాపరాతి గనిలో

నిస్సీ నోటుబుక్కులో ప్రతి పేజీకీ నడిమధ్య నిలువుగా ఒక గీత ఉండేది. గీతకు ఎడమవైపు తాను పేపరుకు పంపిన వార్తను తన చేత్తో రాసుకునేది. కుడివైపు మరునాడు అచ్చయిన వార్తను కత్తిరించి అంటించేది. మండల విలేకరిగా చేరిన మొదటి వారం నుంచీ అదే పద్ధతి. మండలంలో మిగతా ఆరుగురు విలేకరులూ మగవాళ్ళు. బస్టాండు దగ్గర టీ అంగడి ముందు బెంచీ మీద కూర్చుని ఒకరికొకరు పని నేర్పుకునేవాళ్ళు. ఆ బెంచీ మీద తనకు చోటు లేదని తెలిశాక, పంపినదానికీ అచ్చయినదానికీ మధ్య తేడా చూసుకుంటూ ఆమె తనకు తానే పాఠం చెప్పుకుంది.

మొదటి బుక్కు తెరిస్తే ఎడమవైపు కిక్కిరిసి ఉంటుంది, కుడివైపు బోసిగా ఉంటుంది. హాస్టల్లో పిల్లలకు పురుగులన్నం పెడుతున్నారని వార్డెను పేరుతో సహా ఇరవై నాలుగు వరుసలు రాసి పంపితే, ఐదు వరుసలు వచ్చాయి. వార్డెను పేరు లేదు. హాస్టలు పేరు కూడా లేదు. ‘ఓ వసతి గృహంలో’ అని మాత్రం ఉంది. ఆ సాయంత్రమే కడప ఆఫీసు నుంచి అరుణ్ కుమార్ ఫోన్ చేశాడు. ఆ మండలం వార్తలన్నీ దిద్దేది ఆయనే. గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు.

"పేరు ఎందుకు తీసేసినానో అర్థమయిందా నిస్సీ?"

"లేదు సార్."

"నువ్వు రాసింది నిజమే. నేను కాదనను. రేపు ఆ వార్డెను ఫోన్ చేస్తే మాట్లాడాల్సింది నేను. నోటీసు పంపితే జవాబు రాయాల్సింది నా పైన ఉండే ఆయన. ‘ఓ వసతి గృహం’ అంటే ఎవరూ ఫోన్ చేయరు. వార్తా వస్తాది, తలనొప్పీ ఉండదు. అంతే."

నిస్సీకి ఆ మాటల్లో తప్పేమీ కనిపించలేదు. పైగా సంతోషమే కలిగింది. ఊరి బడిలో చదివి, దూరవిద్యలో డిగ్రీ చేసిన పిల్లతో కడప ఆఫీసులో కూర్చున్న మనిషి అంతసేపు ఓపికగా మాట్లాడటం ఆమెకు గొప్పగా తోచింది. ఆ తర్వాత ఆయన పెద్దగా ఫోన్ చేయాల్సిన అవసరం రాలేదు. కుడివైపు చూసి ఆమే నేర్చుకుంది. ‘నిర్లక్ష్యం వల్ల’ అని రాస్తే ‘ప్రమాదవశాత్తు’ అయి వచ్చేది. నీళ్ళు రాక ఆడవాళ్ళు సర్పంచిని నిలబెట్టి కడిగేశారని రాస్తే, గ్రామస్థులు సమస్యను సర్పంచి దృష్టికి తీసుకెళ్ళినట్టు వచ్చేది. ఎవరో ఒకరు చేసిన పని, తనంతట తానే జరిగిపోయిన పనిగా మారి వచ్చేది. కొన్నాళ్ళకు ఆమె ముందే అలా మార్చి పంపసాగింది.

గనుల గురించి మాత్రం ఆమెకు ఎవరూ ఏమీ నేర్పలేదు.

నిస్సీ ఊరు నల్లగుట్టపల్లెకు తూర్పున, శనగ చేలు దాటితే నాపరాతి గనులు. పదకొండు గుంతలున్నాయి. అందులో నాలుగు హర్షవర్ధన్‌వి. మిగతావి ఎప్పుడో తవ్వి వదిలేసినవి. జనవరి ఒకటికీ ఆగస్టు పదిహేనుకూ ప్రతి విలేకరీ ఇన్ని ప్రకటనలు తేవాలని పేపరు వాళ్ళు లక్ష్యం పెట్టేవాళ్ళు. తేలేనివాళ్ళను తీసేసేవాళ్ళు కాదు, రెండో ఏడాదికి వాళ్ళే కనిపించకుండా పోయేవాళ్ళు. ఆడపిల్ల అంగడి అంగడికీ తిరిగి ప్రకటనలు అడిగితే నవ్వేవాళ్ళే ఎక్కువ. హర్షవర్ధన్ ఆఫీసులో మాత్రం కుర్చీ వేసి, టీ ఇచ్చి, అడిగీ అడగకముందే అర పేజీ ప్రకటన రాసిచ్చేవాళ్ళు. ఆ అర పేజీ లేకపోతే నిస్సీ ఆ ఉద్యోగంలో నిలిచేది కాదు.

శనగ చేల మీద రాతి దుమ్ము పడుతోందని ఒకసారి రాసి పంపింది. రాలేదు. అడిగితే, "స్థలం లేదమ్మా, చూద్దాం" అన్నాడు అరుణ్ కుమార్. నెల తర్వాత మళ్ళీ పంపింది. రాలేదు. నోటుబుక్కులో ఆ రెండు పేజీలకూ కుడివైపు ఖాళీ. మూడోసారి రైతులు ఇంటికొచ్చి చెప్పుకుంటే ప్యాడ్ మీద రాసుకుంది గానీ పంపలేదు. ఎలాగూ రాదు కదా అనుకుంది.

నాలుగో ఏడాదికి పేజీలో రెండు వైపులూ ఒకటైపోయాయి. కడపలో ఏడాదికోసారి జరిగే విలేకరుల సమావేశంలో అరుణ్ కుమార్ అందరి ముందూ లేచి, "నిస్సీ పంపింది నేను కండ్లు మూసుకుని పేజీలో పెడతా. ఒక్క అక్షరం తాకే పనుండదు" అన్నాడు. అక్కడున్న మగ విలేకరులంతా తిరిగి చూశారు. ఆ రోజు బస్సు దిగి ఇంటికి నడిచిన దూరం ఆమెకు తెలియనే లేదు. నాన్న ప్రేమయ్య ముప్పై ఏళ్ళు గనుల్లో బండలు ఎత్తి, ఇప్పుడు దగ్గుతో ఇంటిపట్టున ఉంటున్నాడు. చర్చిలో సంఘపెద్ద. కూతురి మాట విని, తలమీది తువ్వాలు తీసేసి అక్కడికక్కడే మోకరించి ప్రార్థన చేశాడు.

*

నవంబరులో తుఫాను వాన మూడు రోజులు ఆగకుండా కురిసింది. నాలుగో రోజు పొద్దున తెరిపిచ్చింది. ఎనిమిదిన్నరకల్లా ఊళ్ళోకి కబురొచ్చింది. గనిలో గుంత అంచు కట్ట విరిగి యేసుప్రసాద్ మట్టి కింద పడ్డాడు.

యేసుప్రసాద్ చర్చిలో తబలా వాయిస్తాడు. నిస్సీ ఇంటికి నాలుగిళ్ళ అవతల వాళ్ళ ఇల్లు. ఆమె గని దగ్గరికి చేరేసరికి బయటికి తీసి నాపబండ మీద పడుకోబెట్టారు. ముఖం ఎవరో తుడిచారు గానీ చెవుల్లో మట్టి అలాగే ఉంది. ఆయనతో కలిసి పనిచేసే చిన్న ఈరన్న పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆదోని అవతలి నుంచి పనికి వచ్చిన మనిషి. మోచేతుల దాకా బురద.

"ఎట్ల జరిగిందన్నా?" అని అడిగింది నిస్సీ, ప్యాడ్ తీసి.

"మూడు దినాల్నుంచి చెప్తాండాం అక్కా, వానకు మూడో నంబరు గుంత కట్ట నానింది, కింద తవ్వేది వద్దప్పా అని. మేస్త్రి రామాంజి వింటేనా. హర్షవర్ధన్ సారు లోడు అడుగుతాండాడు, దిగండి అన్యాడు. నేను దిగనన్యా. కూలి దుడ్లు కోస్తానన్యాడు. కోసుకోపో అన్యా. ప్రసాదు నవ్వినాడు. ‘నా పెండ్లాం ఈ పొద్దు కోడికూర చేస్తాదంట, అది తినకుండా నేను సావనులేప్పా’ అని దిగినాడు." ఈరన్న అరచేతుల్లోని బురదను చూసుకున్నాడు. "ఎనిమిదీ ఇరవై. అప్పుడే నా ఫోన్ మోగింది, అందుకే టైము తెలుసు."

నిస్సీ ప్రతి మాటా రాసుకుంది. రామాంజి, హర్షవర్ధన్, మూడో నంబరు గుంత, ఎనిమిదీ ఇరవై. అక్షరాలు సరిగానే పడ్డాయి. తర్వాత బండల కుప్ప మీద కూర్చుని, ఫోన్ తీసి వార్త పంపింది.

"గ్రామ సమీపంలోని ఓ నాపరాతి గనిలో ప్రమాదవశాత్తు మట్టిపెళ్ళలు విరిగిపడి యేసుప్రసాద్ (34) అనే కూలీ మృతి చెందాడు. మృతుడికి భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు."

రెండు నిమిషాలు పట్టింది. ప్యాడ్ ఒళ్ళోనే తెరిచి ఉంది. దాని వైపు చూడలేదు.

మధ్యాహ్నం ఆసుపత్రిలో శవపరీక్షకు ముందు ఫిర్యాదు కావాలన్నారు. ఊళ్ళో అర్జీ రాయాలన్నా, పింఛను కోసం కాగితం పెట్టాలన్నా నిస్సీ ఇంటికే వస్తారు. ఆమె రాస్తే ఆఫీసుల్లో తిప్పి పంపరని పేరు. యేసుప్రసాద్ భార్య దీవెన మెట్ల మీద కూర్చుని, నిస్సీ కొంగు పట్టుకుంది.

"నువ్వే రాయక్కా. వేరే వాళ్ళయితే ఏమి రాస్తారో ఏమో."

"రాస్తా. చెప్పు."

"రామాంజి దింపినాడంట. హర్షవర్ధన్ సారు లోడు కోసం దింపినాడంట. ఈరన్న చెప్పినాడు. రాసినావా అక్కా?"

"రాస్తాండా."

"హర్షవర్ధన్ సారు గనిలో అని రాయి. మూడేండ్లుగా ఆయన దగ్గరే పని. అది రాయి."

తెల్ల కాగితాల మీద నిస్సీ పెన్ను సాఫీగా సాగింది. గుండ్రటి అక్షరాలు, సమానమైన వరుసలు. రాయడం అయ్యాక చదివి వినిపించింది. దీవెన వింటున్నట్టే తల ఊపింది గానీ, చూపు మాత్రం శవాలుంచే గది తలుపు మీద ఉంది. "బాగుండాది అక్కా. నువ్వు రాస్తే బాగనే ఉంటాది" అని, ఐదో తరగతిలో నేర్చుకున్న సంతకాన్ని ఒక్కో అక్షరం పేర్చినట్టు పెట్టింది.

హెడ్ కానిస్టేబుల్ ఉరుకుందు కాగితం తీసుకుని కళ్ళకు దూరంగా పట్టి చదివాడు. "పేపరోళ్ళు రాస్తే ఇట్లుంటాది చూడమ్మా. ఒక్క కొట్టివేత ల్యాదు. మా స్టేషన్లో ముగ్గురు కూసున్యా ఇంత శుభ్రంగా రాయలేరు" అన్నాడు.

అలాంటి చోట, అలాంటి రోజున కూడా, ఆ మాటకు నిస్సీ మనసులో ఏదో ఒక మూల చిన్నగా పొంగింది. తర్వాత రోజుల్లో ఆమె అన్నిటికంటే ఎక్కువసార్లు తలచుకుని కుమిలింది ఆ పొంగు గురించే.

మరునాడు వార్త ఒక్క కామా కూడా మారకుండా వచ్చింది. ఏడో పేజీ, కింద. దాని పైన సగం పేజీకి గండికోట లోయలో పెన్నా నిండుగా పారుతున్న ఫోటో, ఆ అందాన్ని చూడటానికి సందర్శకులు బారులు తీరారన్న వార్త. యేసుప్రసాద్‌ను పూడ్చాక సమాధుల తోట నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, నిస్సీ ఆ నాలుగు వరుసలను కత్తిరించి కుడివైపు అంటించింది.

*

క్రిస్మస్ దాటాక కడపలో కార్మిక శాఖ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. దీవెనకు తోడుగా నిస్సీ కూడా వెళ్ళింది. పరిహారం అడుగుతూ దీవెన పెట్టుకున్న అర్జీకి హర్షవర్ధన్ జవాబు పంపాడు. చనిపోయిన మనిషి తన దగ్గర ఎన్నడూ పని చేయలేదు. తన గనుల్లో ఆ రోజు ప్రమాదమేదీ జరగలేదు. ఊరి చుట్టూ వదిలేసిన గుంతలు ఏడున్నాయి. పనికిరాని బండలు ఏరుకోవడానికి జనం వాటిలోకి దిగుతుంటారు. జవాబులో ఉన్నది ఇంతే.

ఆఫీసరు కళ్ళద్దాలు సర్దుకుని ఫైలు తిప్పాడు. "హాజరు పట్టీ లేదంటున్నావు. కూలి చేతికే ఇచ్చేవాళ్ళంటున్నావు. సరే, అది అన్ని చోట్లా ఉండేదే. కానీ పోలీసులకు మొట్టమొదట ఇచ్చిన కాగితంలోనైనా పేరు ఉండాల కదమ్మా. ఇదో చూడు. ‘గ్రామ సమీపంలోని ఓ నాపరాతి గనిలో ప్రమాదవశాత్తు’ అని ఉండాది. ఏ గని? ఎవరి గని? ఎవరు దింపినారు? నీ భర్త పోయిన రోజే నువ్వు ఎవరి పేరూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తే నేను దేన్ని పట్టుకోవాల?"

దీవెన తల తిప్పి నిస్సీ వైపు చూసింది. నిస్సీ ఫైలు వైపు చూసింది. ఆ గుండ్రటి అక్షరాలు తనవే. ఒక్క కొట్టివేత లేదు.

బయట మెట్ల మీదికి వచ్చాక దీవెన ఆగింది.

"పేరు చెప్పినా గదక్కా. రెండు మూడు తూర్లు చెప్పినా."

"చెప్పినావు."

"హర్షవర్ధన్ సారు నీకేమన్నా చెప్పినాడా?"

"లేదు."

"మీ పేపరోళ్ళు?"

"లేదు దీవెనా. ఎవరూ ఏమీ చెప్పలేదు."

"మరి?"

నిస్సీకి దొరికిన మాట ఒకటే. "చెయ్యి అట్ల పోయింది."

దీవెనకు కోపం రాలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు ఆమె ముఖంలోకి చూసింది. "అట్ల పోతాదా అక్కా, చెయ్యి?"

తిరుగు బస్సులో దీవెన ముందు సీట్లో వేరే ఎవరి పక్కనో కూర్చుంది.

ఇంటికొచ్చి నిస్సీ నాలుగు నోటుబుక్కులూ ముందేసుకుంది. చివరి నుంచి మొదటికి తిప్పసాగింది. వెనక్కి పోయేకొద్దీ ఎడమవైపు వార్తలు పొడుగవుతూ వచ్చాయి. పేర్లు వచ్చాయి. మనుషులు అన్న మాటలు వచ్చాయి. ఎవరు ఎవరిని ఏం చేశారో వచ్చింది. మొదటి బుక్కులో ఒకచోట ఒక ముసలమ్మ తిట్టిన తిట్టు కూడా ఉన్నదున్నట్టు ఉంది. అదంతా రాసింది తానేనని నమ్మడానికి చేతిరాత తప్ప ఇంకో ఆధారం కనబడలేదు.

"ఏమి వెతుకుతాండావమ్మా?" అన్నాడు ప్రేమయ్య మంచం మీది నుంచి.

"ఏమీ లేదు నాయినా."

సాయంత్రం అరుణ్ కుమార్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పింది. గని పేరుతో, మేస్త్రి పేరుతో వార్త పంపుతానంది.

"పంపు. పెట్టనని నేను ఎప్పుడన్నా అన్నానా?"

"లేదు సార్."

"నీ వార్తల్లో ఇట్లాంటివి ఎప్పుడూ ఉండేవి కావు. అందుకే అడుగుతున్నా. ఒంట్లో బాగానే ఉందా?"

పంపింది. రాలేదు. రెండోసారి పంపింది. రాలేదు. నోటుబుక్కులో కుడివైపు రెండు ఖాళీలు.

ఈరన్న నంబరు పట్టుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. భార్యాపిల్లలతో గుంటూరు అవతల మిరప కోతకు పోయి ఉన్నాడు. పక్కన ఎవరో దగ్గుతున్న చప్పుడు వినబడుతోంది.

"వచ్చి చెప్తావా అన్నా? ఆఫీసరు ముందర?"

"వస్తా అక్కా. వస్తే ఈడ పని పోతాది, అయినా వస్తా అనుకో. నేను ఆడ పని చేసినానని ఎవరు ఒప్పుకుంటారు? నా పేరు గూడా యాడా ల్యాదు గదా. ప్రసాదుకన్నా సచ్చిపోయినట్టు కాగితముండాది, నాకు అదీ ల్యాదు." నవ్వాలని చూశాడు. "నువ్వు ఆ పొద్దు రాసుకున్యావు గదక్కా నేను చెప్పిందంతా. టైముతో సహా రాసుకున్యావు, నేను చూసినా. అది సూపియ్యి."

ప్యాడ్ ఇంట్లోనే ఉంది. బీరువాలో, కొత్త ప్యాడ్ల కింద. బురద వేలిముద్ర ఒకటి ఎండి అలాగే ఉంది.

*

రెండో వాయిదా ఫిబ్రవరిలో. ముందురోజు అరుణ్ కుమార్ తనంతట తానే ఫోన్ చేశాడు. "నువ్వు పోవద్దని నేను అనను నిస్సీ. ఆలోచించుకో, అంతే" అన్నాడు.

ఆమె వెళ్ళింది. సంచిలో ప్యాడ్ పెట్టుకుంది, నాలుగు నోటుబుక్కులూ పెట్టుకుంది. ఆఫీసరు ముందు నిలబడి, ఫిర్యాదు తానే రాశానని, దీవెన పేర్లు చెప్పినా తాను రాయలేదని, గని దగ్గర విన్నది ఈ ప్యాడ్‌లో ఉందని చెప్పింది. పుట్టి బుద్ధెరిగాక నలుగురి ముందూ అంతసేపు మాట్లాడటం అదే మొదలు. ఆఫీసరు ప్యాడ్ తీసుకుని శ్రద్ధగా చదివాడు. దీవెన గోడవారగా నిలబడి చూస్తోంది.

హర్షవర్ధన్ తరఫు వకీలు పెద్దాయన. లేచి, ఒక పేపరు ముక్క ఆమె ముందు పెట్టాడు. ఏడో పేజీలోది.

"ఈ వార్త రాసిందెవరమ్మా?"

"నేనే."

"ఇందులోనూ ‘ఓ నాపరాతి గనిలో’ అనే ఉంది. ఇది పంపేటప్పుడు ఈ ప్యాడ్ మీ దగ్గర ఉందా?"

"ఉంది. ఒళ్ళోనే ఉంది."

"పేర్లు రాయొద్దని మా పార్టీ మీకు చెప్పారా?"

"లేదు."

"ఫోన్ చేసి బెదిరించారా? డబ్బు ఇస్తామన్నారా?"

"లేదు."

"మీ పేపరు వాళ్ళు పేరు తీసేయమన్నారా?"

దీవెన కళ్ళు తన మీదే ఉన్నాయని నిస్సీకి తెలుసు. అన్నారు అంటే సరిపోతుంది. ఒక్క మాట. కానీ ఒక అబద్ధంతో ఇక్కడిదాకా వచ్చిన కాగితాన్ని ఇంకో అబద్ధంతో దిద్దడానికి ఆమెకు నోరు రాలేదు.

"లేదు. ఎవరూ చెప్పలేదు."

"అంటే ఎవరి ఒత్తిడీ లేకుండా, మీ అంతట మీరే, ఒకేరోజు పోలీసులకూ పేపరుకూ ఒకే మాట రాశారు. ఇప్పుడు మూడు నెలల తర్వాత ఈ ప్యాడ్ పట్టుకొచ్చారు. ఇది ఎప్పుడు రాసిందో మాకెట్లా తెలుస్తుంది?" వకీలు గొంతులో వెటకారం లేదు. నిజంగానే అర్థం కానట్టు అడిగాడు. "పేరు తెలిసి, ఎవరూ వద్దనకుండా, ఎవరైనా పేరు రాయకుండా ఉంటారా అమ్మా?"

నిస్సీ సంచిలోంచి నోటుబుక్కులు తీసింది. "ఇవి చూస్తే తెలుస్తాది సార్. మొదటిది చూసి, తర్వాత నాలుగోది చూడండి. ఎట్ల మారిందో…"

ఆఫీసరు చేయెత్తి ఆపాడు. ఆ గొంతులో జాలే ఉంది. "అవెందుకమ్మా? ఈ కేసుకు వాటితో సంబంధం లేదు."

ఆమె వాటిని మళ్ళీ సంచిలో పెట్టుకుంది.

మరునాడు వార్తలు పంపే యాప్ తెరవబోతే పాస్‌వర్డ్ తప్పని చూపించింది. ఇంకోసారి కొట్టింది. అదే. అరుణ్ కుమార్‌కు ఫోన్ చేస్తే మోగింది గానీ ఎత్తలేదు. తీసేశామని ఎవరూ చెప్పలేదు. వారం తర్వాత బస్టాండు బెంచీ మీద హనుమేష్ అనే కొత్త కుర్రాడు ఆమె పేపరు గుర్తింపు కార్డు మెడలో వేసుకుని టీ తాగుతూ కనిపించాడు. "నమస్తే మేడమ్. మీ పాత వార్తలే చూసి నేర్చుకోమన్నారు మేడమ్ కడపలో. అంత బాగా ఎవరూ రాయరంట" అన్నాడు లేచి నిలబడి.

ఏప్రిల్లో ఉత్తర్వు వచ్చింది. యేసుప్రసాద్ ఎవరి గనిలో, ఎవరి కింద పనిచేస్తూ చనిపోయాడన్నది రుజువు కానందున అర్జీ తోసిపుచ్చడమైనది. రెండో పేజీలో, ఫిర్యాదులోని ఆ మొదటి వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాశారు. నిస్సీ ఒక నకలు తీయించి, ఇంటికి తెచ్చి, ఆ వాక్యం ఉన్న ముక్కను కత్తిరించి నోటుబుక్కులో కుడివైపు అంటించింది. ఎడమవైపు ఏం రాయాలో తోచక పేజీ తెరిచే ఉంచింది.

దీవెన రెండు నెలలుగా ఆ ఇంటి ఛాయలకు రాలేదు. చర్చిలో కూడా అవతలి వరుసలో కూర్చుంటోంది. తబలా మీద గుడ్డ కప్పి మూలన పెట్టారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, చిన్నపిల్లను చంకనేసుకుని, చేతిలో రెండు తెల్ల కాగితాలతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పై కోర్టుకు పోవచ్చంట. వకీలు దగ్గరికి పోయే ముందర జరిగిందంతా కాగితం మీద పెట్టుకుని రమ్మన్యారు. రాయాల."

నిస్సీ లేచి నిలబడింది. "నేను వద్దు దీవెనా. బడి అయ్యవారు ఉన్నాడు కదా. ఆయన చేత…"

"ఆయనకేం తెలుసు? యాడ తప్పు పోతాదో నీకే తెలుసు." దీవెన పిల్లను దింపి ప్రేమయ్య మంచం దగ్గర వదిలి, నేల మీద కూర్చుంది. "నేను చెప్తా. నువ్వు రాయి. చెప్పింది చెప్పినట్టు. మంచిగా రాయొద్దు."

నిస్సీ ఎదురుగా కూర్చుని పెన్ను తీసింది. ఊరు, తేదీ, దీవెన పేరు, భర్త పేరు వచ్చాయి. తర్వాత పెన్ను ‘గ్రామ సమీపంలోని’ అని రాసి ఆగింది. ఆ తర్వాతి మాట వేలి కొసలోకి వచ్చి కూర్చుంది. ఒకే ఒక్క అక్షరం. చేయి దాని వైపే లాగుతోంది.

"ఏమి రాసినావు?"

"గ్రామ సమీపంలోని అని."

"కొట్టేయి. హర్షవర్ధన్ గనిలో అని రాయి."

కొట్టేసింది. తెల్ల కాగితం మీద నల్లటి గీత. హర్షవర్ధన్ గనిలో అని రాసింది.

"మేస్త్రి రామాంజి నా మొగుడ్ని దింపినాడు. మట్టి విరిగిపడి అని కాదు. దింపినాడు. దింపితే విరిగింది. అట్ల రాయి."

రాసింది. అక్షరాలు వంకరగా, కొత్తగా రాయడం నేర్చుకునే పిల్ల రాసినట్టు పడుతున్నాయి.

"చూపియ్యి. ఆయన పేరు యాడుండాది?"

నిస్సీ కాగితం ఆమె వైపు తిప్పింది. దీవెన చూపుడు వేలు వరుస మీద మెల్లగా జరుగుతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పోయింది. హర్షవర్ధన్ అన్న చోట ఆగింది. పెదాలు కదిలాయి. మొదటి నుంచి ఇంకోసారి కూడబలుక్కుంది. వేలిని అక్కడి నుంచి తీయలేదు.

"రాయి" అంది. "నేను చూస్తాండా."